పద్ధతి తెలిసిన చీకటి

మన ఇళ్లలో ఇన్సూరెన్స్ ఏజెంటు సగం చుట్టం. మా ఇంటికి వచ్చే ఏజెంటుగారిని పిల్లలందరం బాబాయిగారనే పిలిచేవాళ్లం. చంకలో జిప్పు సంచీ, అందులో రబ్బరు బ్యాండు వేసిన రసీదుల కట్ట, జేబులో రెండు పెన్నులు. ఎవరి ప్రీమియం గడువు ఏ తేదీతో తీరుతుందో పుస్తకం తెరవకుండానే చెప్పేవారు. మనిషి మామూలుగా పోతే ఇంత, ప్రమాదంలో పోతే దానికి రెట్టింపు అని కాఫీ చల్లార్చుకుంటూ అదే గొంతుతో వివరించేవారు. "శుభమా అని ఇంటికొచ్చి అవేం మాటలండీ" అంటూ అమ్మ లోపలికి వెళ్లిపోయేది. ఆయన నొచ్చుకునేవారు కాదు. చావంటే ఆయన ఫారంలో ఒక గడి. అందులో ఏదో ఒక అంకె వెయ్యాలి కదా.

ఆ రెట్టింపు నిబంధననే పేరుగా పెట్టి, అలాంటి ఏజెంటునే హంతకుణ్ణి చేసి 1944లో బిల్లీ వైల్డర్ 'డబుల్ ఇండెమ్నిటీ' అనే సినిమా తీశాడు. ఫిల్మ్ నోయిర్ అన్న పేరు వినగానే సినిమా తెలిసినవాళ్లకు మొదట గుర్తొచ్చే నాలుగైదు చిత్రాల్లో అదొకటి. ఈ రకం సినిమాల గురించి రాసేవాళ్లు మామూలుగా చీకటితో మొదలుపెడతారు. తడిసిన రోడ్డు, వంచిన టోపీ, సిగరెట్టు పొగ, నమ్మించి ముంచే ఆడది. యుద్ధంతో లోకం అతలాకుతలమైంది, ఆ గందరగోళమే తెరకెక్కింది అంటారు. కాదనను గానీ, నాకెప్పుడూ ఒక సందేహం. గందరగోళమే విషయమైతే ఈ సినిమాల నిండా ఇంతమంది పద్ధతైన మనుషులు ఎందుకున్నారు? ఏజెంట్లు, క్యాషియర్లు, గుమాస్తాలు, క్లెయిములు చూసే ఆఫీసర్లు. వేళకు ఆఫీసుకు వెళ్లి, వేళకు ఇంటికొచ్చి, అప్పులేవీ లేకుండా బతికేవాళ్లు. పుట్టుదొంగల కథలు అమెరికన్ సినిమా అంతకుముందు పదేళ్లూ చెబుతూనే ఉంది. నోయిర్ కొత్తగా తలుపు తట్టింది మర్యాదస్తుల ఇంటిది.

వాల్టర్ నెఫ్ అలాంటి మర్యాదస్తుడే. లాస్ ఏంజెలెస్‌లో ఇన్సూరెన్స్ సేల్స్‌మన్. కారు పాలసీ రెన్యూవల్ కోసం డీట్రిక్సన్ అనే ఆసామి ఇంటికి వెళ్తే ఆసామి ఉండడు, భార్య ఫిలిస్ ఉంటుంది. కాలికి గొలుసు మెరుస్తుండగా మెట్లు దిగి వస్తుంది. ఆ తర్వాత ఒకరోజు మాటల్లో పెట్టి, భర్తకు తెలియకుండా ఆయన పేర ప్రమాద బీమా తీసుకునే వీలుందా అని అడుగుతుంది. దాని అర్థం నెఫ్‌కు వెంటనే తెలుస్తుంది. ఛీ అని లేచి వచ్చేస్తాడు. రాత్రికల్లా మనసు మారుతుంది.

ఆ మారడానికి అతను చెప్పే కారణం వినాలి. డబ్బు సరే, ఆడది సరే. వాటికన్నా లోతుగా ఇంకొకటి ఉంది. రూలెట్ బల్ల దగ్గర చక్రం తిప్పే ఉద్యోగి రోజూ జూదగాళ్ల మోసాలు కనిపెడుతూ ఉంటాడు. చక్రం గుట్టు తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలా ఏళ్ల తరబడి కాపలా కాశాక ఒకరోజు, నేనే ఆడితే ఎవడు పట్టుకోగలడు అనిపిస్తుంది. నెఫ్‌ను లాగింది ఈ ఊహే. అతని బుద్ధికి నేరం నేర్పింది ఉద్యోగం. ఏ దావా నిలబడదో, ఎందుకు నిలబడదో తెలిసినవాడు నిలబడే దావా ఒకటి తయారుచేయాలనుకున్నాడు.

ఇక ఏర్పాట్లు చూడండి. కారు పాలసీ నకలని చెప్పి ప్రమాద పాలసీ మీద డీట్రిక్సన్ చేత సంతకం పెట్టిస్తాడు. రైల్లో జరిగే ప్రమాదాలు చాలా అరుదు కాబట్టి ఆ రకం చావుకు కంపెనీ రెట్టింపు ఇస్తుంది. యాభై వేల డాలర్లు లక్ష అవుతాయి. అందుకని రైలే కావాలి. హత్య రాత్రి తోటి ఉద్యోగికి ఇంటినుంచి ఫోన్ చేసి ఏదో రేటు గురించి అడుగుతాడు, ఆ వేళకు ఇంట్లోనే ఉన్నట్టు తేలడానికి. తను లేనప్పుడు ఫోన్ మోగిందా, ఎవరైనా బెల్లు కొట్టారా అన్నది తెలియడానికి ఆ గంటల్లో చిన్న కార్డుముక్కలు ఇరికిస్తాడు. మోగితే కింద పడతాయి. డీట్రిక్సన్ కాలు విరిగి కట్టు కట్టించుకున్నాడు కాబట్టి తనూ కట్టు కట్టుకుని, ఊతకర్రలు పట్టుకుని, అతనిలాగే రైలెక్కుతాడు. చివరి పెట్టె నుంచి దూకుతాడు. అప్పటికే చంపేసిన మనిషిని పట్టాల మీద పడుకోబెడతారు. ఇంత నిష్ఠగా జరిగిన పని ఆ ఆఫీసులో ఇంకొకటి ఉండదు.

అంతా అనుకున్నట్టే జరిగింది. కార్డుముక్కలు పడలేదు. ఎవరూ చూడలేదు. అప్పుడు నెఫ్ వీధిలో నడుస్తూ ఉండగా హఠాత్తుగా అతనికి తన అడుగుల చప్పుడు తనకే వినపడదు. నడిచేది చచ్చినవాడేమో అనిపిస్తుంది. ఈ సినిమా మొత్తంలో నా మనసు పట్టి ఆపే చోటు అది. పథకంలో ఒక్క లోపం కూడా బయటపడలేదు, పోలీసు లేడు, సాక్షి లేడు. అయినా అన్నీ చెడిపోయాయని ఆ క్షణంలో అతనికి తెలిసిపోయింది. లెక్క తప్పినందుకు భయపడే మనిషిని సినిమాలు చాలానే చూపించాయి. లెక్క సరిపోయినందుకు భయపడినవాణ్ణి నేను ఇక్కడే చూశాను.

ఆ తర్వాత వాళ్లిద్దరూ దొంగచాటుగా కలుసుకునే చోటు ఏదనుకున్నారు? చీకటి సందు కాదు, సూపర్‌మార్కెట్. తెల్లటి వెలుతురు, అరల్లో వరసగా పేర్చిన డబ్బాలు, అన్నిటికీ ఒకే ఎత్తు. ఆ వరసల మధ్య నల్లకళ్లద్దాలతో ఫిలిస్, పక్కన సరుకు చూస్తున్నట్టు నటిస్తూ నెఫ్. మధ్యలో ఒకావిడ వచ్చి పై అరలోని పసిపిల్లల ఆహారం డబ్బా అందించమంటుంది. హత్య గురించి గుసగుసలాడుతున్నవాడు చెయ్యి చాచి మర్యాదగా అందిస్తాడు. నోయిర్ అంటే నీడలే అనుకునేవాళ్లు ఈ సీను ఒకసారి చూడాలి. నీడ ఒక్కటీ లేదు. భయం మాత్రం నిండుగా ఉంది.

ఈ కథకు మూలం ఒక నిజ సంఘటన. 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే గృహిణి, కార్సెట్లు అమ్మే జడ్ గ్రే అనే ప్రియుడితో కలిసి భర్తను చంపింది. అక్కడా భర్త పేర రెట్టింపు నిబంధన ఉన్న పాలసీ ఉంది. మరుసటి ఏడాది ఆమెను విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ చీలమండకు చిన్న కెమెరా కట్టుకుని లోపలికి వెళ్లి ఫోటో తీశాడు. ఆ కేసునుంచి జేమ్స్ ఎం. కెయిన్ నవల అల్లాడు, దాన్ని వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి స్క్రీన్‌ప్లే చేశారు. ఒకరంటే ఒకరికి గిట్టకుండానే చేశారు. జనం గుర్తుపెట్టుకున్న ఫోటో చీలమండకు కట్టిన కెమెరాతో పుట్టింది, జనం గుర్తుపెట్టుకున్న సినిమాలో కథ చీలమండ మీది గొలుసుతో కదులుతుంది. కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ఎందుకో గుర్తుండిపోయింది.

నెఫ్ ఎదురు బల్ల దగ్గర కూర్చునేవాడు బార్టన్ కీస్. క్లెయిములు పరిశీలించే ఆఫీసర్. ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ వేశాడు. కీస్ పొట్టలో ఒక చిట్టి మనిషి ఉంటాడట, దొంగ క్లెయిము వచ్చినప్పుడల్లా వాడు కుదురుగా ఉండనివ్వడట. ఒకప్పుడు పెళ్లి కుదిరితే ఆ చిట్టి మనిషి ఊరుకోక, కాబోయే పెళ్లాం మీద కూడా ఆరా తీయించి, సంబంధం వదులుకున్నాడు. డీట్రిక్సన్‌ది ఆత్మహత్య అని కంపెనీ పెద్ద వాదించబోతే కీస్ ఊపిరి తిప్పుకోకుండా లెక్కలు ఒప్పచెబుతాడు. ఆత్మహత్యలు జాతిని బట్టి, వృత్తిని బట్టి, ఋతువును బట్టి, విషాన్ని బట్టి, దూకిన ఎత్తును బట్టి ఎన్ని రకాలో పుస్తకాల నిండా ఉన్నాయి, కదిలే రైలు చివరనుంచి దూకినవాడు వాటిలో ఒక్కడూ లేడు అంటాడు. అది సహస్రనామం చదివినట్టే ఉంటుంది, అంత భక్తి. మనిషి చేయగల ప్రతి పిచ్చిపనికీ ఒక పట్టిక ఉందని నమ్మే భక్తి.

కీస్ గెలుస్తాడు కూడా. కాలు విరిగినప్పుడు డీట్రిక్సన్ ఎందుకు క్లెయిము పెట్టలేదు? పాలసీ ఉన్న సంగతి అతనికి తెలియదు కాబట్టి. ఆ ఒక్క ప్రశ్నతో పథకం దారాలన్నీ ఊడిపోతాయి. కానీ పట్టికల్లో ఎక్కడా లేనిది ఒకటుంది. తనకు ఇష్టమైన మనిషి, తన చుట్టకు రోజూ అగ్గిపుల్ల గీసి ఇచ్చే మనిషి, తన అసిస్టెంటుగా తెచ్చుకోవాలనుకున్న మనిషి ఆ పని చేశాడని కీస్‌కు తట్టదు. నెఫ్ మీద ఆరా తీసి, అతను ఏ పాపం ఎరుగడని, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్‌లో హామీ కూడా ఇచ్చి పెట్టుకుంటాడు. అన్నీ అనుమానించగలిగిన కళ్లు స్నేహం దగ్గర మూతపడ్డాయి. నిజానికి సినిమా మొత్తంలో క్రమం తప్పిన ప్రేమ ఏదైనా ఉంటే అది కీస్‌ది. ఫిలిస్, నెఫ్‌లది వ్యాపారం.

కథ చెప్పే పద్ధతి ఇంకా విచిత్రం. తుపాకీ గుండు తగిలిన నెఫ్ అర్ధరాత్రి ఆఫీసుకు వస్తాడు. కింద హాల్లో ఖాళీ బల్లలు వరసలు కట్టి ఉంటాయి, ఊడ్చేవాళ్లు ఊడుస్తుంటారు. తన గదిలో కూర్చుని డిక్టాఫోన్ అందుకుని, కీస్ పేర ఆఫీసు మెమోగా, 1938 జూలై 16 అని తేదీ వేసి మరీ నేరం ఒప్పుకోవడం మొదలుపెడతాడు. భుజంలోంచి నెత్తురు కారుతుంటే తేదీ వేసేవాణ్ణి ఏమనాలి? నోయిర్‌లో వినపడే ఆ వెనకటి గొంతును, వాయిస్ ఓవర్‌ను, విషాదానికి గుర్తుగా చూస్తారు. నాకది దస్త్రం సర్దుకోవడంలా వినిపిస్తుంది. జరిగిందంతా చేయి దాటిపోయింది, కనీసం వరసలో చెప్పాలి.

ఇక ఆ చీకటి సంగతి. మామూలు సినిమా షాటుకు మూడు దీపాలు పెట్టేవారు. ముఖం మీద పడేది ఒకటి, దాని నీడలు తీసేసేది ఒకటి, వెనకనుంచి అంచు చూపేది ఒకటి. నోయిర్ కెమెరామన్లు ఆ రెండో దీపాన్ని తగ్గించేశారు, కొన్నిసార్లు ఆర్పేశారు. నీడ నీడగానే మిగిలిపోయింది. 'డబుల్ ఇండెమ్నిటీ' ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ డీట్రిక్సన్ ఇంట్లో కిటికీ బ్లైండ్ల నీడలను చారలు చారలుగా మనుషుల మీద పరిచాడు. గాలి ఆడని గదిలో ఎండలో తేలే దుమ్ము కనపడాలని సన్నని లోహపు పొడి గాల్లోకి ఊదించాడట. ఎంత శ్రద్ధో చూడండి. చూసేవాడికి బూజు పట్టిన గది కనపడాలంటే తీసేవాడు దుమ్మును కొలిచి చల్లాలి. జాన్ ఆల్టన్ లాంటివాళ్లు ఇంకా ముందుకు వెళ్లారు. 1955లో వచ్చిన 'ది బిగ్ కాంబో' చివర పొగమంచూ ఒక వెలుగూ తప్ప తెర మీద దాదాపు ఏమీ ఉండదు.

పాల్ ష్రేడర్ 1972లో ఈ సినిమాల మీద రాసిన వ్యాసంలో, ఇవి అడ్డగీతల కన్నా నిలువు గీతలనూ ఏటవాలు గీతలనూ ఇష్టపడతాయని గమనించాడు. మనిషి నిలకడగా ఉన్నట్టు చూపేది అడ్డగీత. అది విరిగితే ఫ్రేము ముక్కలవుతుంది. నిజమే, అయితే ఆ ముక్కలు చేసిన చెయ్యి వణకలేదు. కథలో మనిషి పట్టు జారిపోతున్నకొద్దీ కెమెరా పట్టు బిగుస్తుంది. పాత్ర చేజార్చుకున్న క్రమమంతా శైలిలోకి వచ్చి చేరుతుంది. నోయిర్ చూస్తున్నప్పుడు భయంతో పాటు మనకు కలిగే ఆ వింత సుఖానికి కారణం ఇదేననుకుంటాను. చిత్రించేవాడికి మతి స్థిమితంగా ఉందన్న భరోసా మనకు లోపల్లోపల అందుతూనే ఉంటుంది.

ఈ శైలిని తెచ్చినవాళ్లలో చాలామంది ఊరు వదిలి వచ్చినవాళ్లు. వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోద్మాక్, ఎడ్గర్ ఉల్మర్. బెర్లిన్, వియన్నా స్టూడియోల్లో వెలుగునీడల పని నేర్చినవాళ్లు. వైల్డర్ తల్లి నాజీల చేతిలో పోయింది. ఫైళ్లు, పట్టికలు, రైలు వేళలు సక్రమంగా నడుస్తూనే ఎంత ఘోరం జరగగలదో వీళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంతకు మించి ఈ ముడి బిగించను. ప్రతి నీడకూ హిట్లర్ కారణమనే విమర్శ నాకు నచ్చదు.

క్రమం గురించి నోయిర్ ప్రపంచం చెప్పిన అన్నిటికన్నా గొప్ప కథ సినిమాకెక్కనే లేదు. డాషియెల్ హామెట్ 1930 నవల 'ది మాల్టీస్ ఫాల్కన్'లో డిటెక్టివ్ సామ్ స్పేడ్ ఒక పాత కేసు చెబుతాడు. టకోమా ఊళ్లో ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే స్థలాల వ్యాపారి. భార్య, ఇద్దరు కొడుకులు, మంచి రాబడి. ఒకరోజు భోజనానికి వెళ్తుంటే కడుతున్న భవనం మీదనుంచి దూలం ఒకటి అతని పక్కనే పడింది. కాలిబాట పెచ్చు ఒకటి ఎగిరి చెంపకు తగిలింది, అంతకన్నా ఏమీ కాలేదు. కానీ అతనికి లోకం మూత తీసి చూపించినట్టయింది. మంచిగా, బాధ్యతగా, లెక్కగా బతికానే, చావు ఇలా ఊరికే మీద పడుతుందా? అయితే నేనూ ఊరికే బతుకుతాను అనుకుని అటునుంచి అటే వెళ్లిపోయాడు. కొన్నేళ్లు తిరిగాడు. చివరికి స్పేడ్ వెతికి పట్టుకుంటే స్పొకేన్‌లో ఉన్నాడు. కొత్త పేరు, కొత్త భార్య, కొత్త బిడ్డ, కారు వ్యాపారం, సాయంత్రాలు గోల్ఫు. అచ్చం పాత జీవితమే. తను అదే జీవితంలోకి తిరిగొచ్చానని అతను గమనించనైనా లేదు. దూలాలు పడే లోకానికి అలవాటుపడ్డాడు. తర్వాత దూలాలేవీ పడలేదు. పడని లోకానికీ అలవాటుపడిపోయాడు.

పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో ఉద్యోగం చేసినవాడు హామెట్, మనుషుల్ని వెతికిన అనుభవం ఉంది. 1941లో జాన్ హ్యూస్టన్ ఈ నవలను సినిమా తీస్తూ దాదాపు మాటకు మాట పాటించాడు గానీ ఈ పిట్టకథను వదిలేశాడు. తెర మీద తీయడానికి అందులో ఏముంది? ఒక దూలం, ఒక గోల్ఫు బంతి. కానీ నోయిర్ నాయకులందరూ ఫ్లిట్‌క్రాఫ్ట్ బంధువులే. తేడా ఏమిటంటే వాళ్లలో చాలామంది మీద ఏ దూలమూ పడదు. దూలం కోసం వాళ్లే పైకి చూస్తూ నిలబడతారు.

దూలం నిజంగానే పడిందని మొత్తుకునేవాడు ఒకడున్నాడు. ఉల్మర్ 1945లో తీసిన 'డిటూర్'లో ఆల్ రాబర్ట్స్. క్లబ్బులో పియానో వాయించుకునేవాడు, ప్రియురాలి కోసం న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు దారిన పోయే కార్లు ఎక్కుతూ బయలుదేరతాడు. లిఫ్టు ఇచ్చిన ఆసామి దారిలో చచ్చిపోతాడు. పోలీసులు నమ్మరని ఆల్ శవాన్ని దాచి, అతని బట్టలు, డబ్బు, కారు, పేరు అన్నీ తీసుకుంటాడు. తర్వాత తనే ఒక అమ్మాయికి లిఫ్టు ఇస్తే, ఆమె అంతకుముందు చచ్చినవాడి కార్లో వచ్చిన మనిషే. ఇక నాశనం. అంతా విధి, నా తప్పేముంది అని ఆల్ గొంతు చివరిదాకా గొణుగుతూనే ఉంటుంది. మనకు చెవికి బాగా పరిచయమైన గొంతు. నుదుట రాసినది, ఖర్మ, గ్రహచారం అని మనవాళ్లు అనే చోటల్లా ఈ గొంతే. కానీ జాగ్రత్తగా చూస్తే అతను విధి అన్న ప్రతిచోటా తనే ఒక పని ఎంచుకుని ఉంటాడు. బట్టలు మార్చుకోమని విధి చెప్పలేదు. గందరగోళంలో పడ్డవాడు ముందు వెతుక్కునేది ఒక రచయితను. పైన ఎవరో రాశారంటే కనీసం ఆ రాతకు ఒక వరస ఉన్నట్టు.

'డిటూర్' చాలా పేద సినిమా. ఆరు రోజుల్లో తీశానని ఉల్మర్ చెప్పుకునేవాడు, అది కోతేనని పరిశోధకులు తేల్చారు. అందులో ఒక తమాషా ఉంది. ప్రయాణం పడమటికి సాగినట్టు తెర మీద కుడినుంచి ఎడమకు కదలాలని కొన్ని షాట్లను అద్దంలో చూసినట్టు తిరగేశారు. దాంతో ఆ కార్లలో డ్రైవరు మన దేశంలోలాగా కుడివైపు కూర్చుని కనిపిస్తాడు. దిక్కు సరిచేయబోతే దారే తలకిందులైంది. ఇంత అర్థవంతమైన పొరపాటు కావాలని చేసినా కుదరదు.

గందరగోళానికి ఆడదాని ముఖం తగిలించడం నోయిర్‌కున్న పెద్ద జబ్బు. యుద్ధకాలంలో ఉద్యోగాల్లోకి వచ్చిన ఆడవాళ్లను చూసి మగవాళ్లు బెదిరిన బెదురు అందులో ఉందని చెబుతారు, ఉండే ఉంటుంది. నేను అడిగేది వేరు. కథ చెప్పే గొంతు ఎవరిది? నెఫ్‌ది, ఆల్‌ది. ఫిలిస్‌కు డిక్టాఫోన్ ఎవరూ ఇవ్వలేదు. ఆమె అడిగింది ఒక ప్రశ్న. రైలు, ఊతకర్రలు, కార్డుముక్కలు అన్నీ నెఫ్ బుర్రవి. బార్బరా స్టాన్విక్ ఆ పాత్రను ఎక్కడా గొంతు పెంచకుండా, కళ్లు చెమర్చకుండా చేసింది. సినిమాలో అందరికన్నా నిబ్బరమైన మనిషి ఆమె. ఆమెను సుడిగాలి అనడం మగవాళ్లకు సౌకర్యం.

ఈ సినిమాల మీద ఇంకో క్రమం బయటనుంచి కూర్చుని ఉండేది. హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్. 1930లో రాసుకున్నా 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ చేతిలో గట్టిగా అమలైంది. నేరం చేసినవాడు లాభపడకూడదు, శిక్ష పడి తీరాలి. వైల్డర్ నెఫ్‌కు గ్యాస్ చాంబర్‌లో మరణశిక్ష అమలయ్యే దృశ్యం ఖర్చుపెట్టి తీసి, తనే కత్తిరించి పారేశాడు. మిగిలిన ముగింపులో నెఫ్ ఆఫీసు గుమ్మం దగ్గర కూలబడి ఉంటాడు, సిగరెట్టు వెలిగించుకునే శక్తి లేదు. ఎప్పుడూ అగ్గిపుల్ల కోసం జేబులు తడుముకునే కీస్ ఈసారి తనే గీసి వెలిగిస్తాడు. కోడ్ కోరిన శిక్ష దీని ముందు ఏపాటి? ఆ ఏడు ఈ సినిమాకు ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు.

ఫ్రిట్జ్ లాంగ్ ఇంకా మొండివాడు. 1945లో వచ్చిన అతని 'స్కార్లెట్ స్ట్రీట్'లో అదే రాబిన్సన్, ఈసారి క్రిస్ క్రాస్ అనే క్యాషియర్. పాతికేళ్లు ఒక్క పైసా తేడా రాకుండా చేసినందుకు యజమాని విందు చేసి బంగారు గడియారం ఇస్తాడు. ఇంట్లో క్రిస్ పూల ఏప్రాన్ కట్టుకుని గిన్నెలు కడుగుతాడు. ఆదివారాలు బొమ్మలు వేస్తాడు. దూరం, దగ్గర తేడా తెలిసేలా గీయడం తనకు ఎప్పటికీ పట్టుబడలేదని చెబుతాడు. కిటీ అనే అమ్మాయి ప్రేమ నటిస్తే నమ్ముతాడు, ఆమె కోసం క్యాషు పెట్టెలో చెయ్యి పెడతాడు, నిజం తెలిసినరోజు ఐసు కొట్టే సూదితో ఆమెను పొడుస్తాడు. ఆ హత్య కిటీ ప్రియుడి మీద పడుతుంది. చట్టం, కోర్టు, సాక్షులు, తీర్పు అన్నీ పద్ధతి ప్రకారమే నడిచి, చంపనివాణ్ణి విద్యుత్ కుర్చీ ఎక్కిస్తాయి. క్రిస్ పోలీసులకు చెప్పుకున్నా ఎవరూ నమ్మరు. బిచ్చగాడై వీధుల్లో తిరిగే క్రిస్‌కు తను గీసిన బొమ్మ పదివేల డాలర్లకు అమ్ముడుపోయి ఎదురొస్తుంది.

హంతకుడికి చట్టం చేత శిక్ష పడని ముగింపును బ్రీన్ ఆఫీసు ఎలాగో ఒప్పుకుంది, అంతరాత్మ కాల్చుకు తింటోంది కదా అని. న్యూయార్క్ రాష్ట్రం సెన్సారు ఒప్పుకోలేదు. 1946 జనవరిలో నిషేధించింది, మిల్వాకీ, అట్లాంటా ఊళ్లూ అదే పని చేశాయి. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. పాత్రలు గాడి తప్పితే సెన్సారు భరిస్తుంది. గాడి దాని దారిన అది నడుస్తూ మనిషిని తొక్కేసిందంటే ఏ ప్రభుత్వ కార్యాలయం ఊరుకుంటుంది? నోయిర్ సినిమాలన్నిటిలో నాకు దీని మీదే గౌరవం ఎక్కువ. నైపుణ్యంలో 'డబుల్ ఇండెమ్నిటీ' పై మెట్టు, ధైర్యంలో ఇది.

కరోల్ రీడ్ 'ది థర్డ్ మ్యాన్' గురించి రెండు మాటలు. 1949 బ్రిటిష్ చిత్రం. నాలుగు దేశాల సైన్యాలు నాలుగు ముక్కలు చేసి ఏలుతున్న వియన్నా. ప్రతి పనికీ నాలుగు కాగితాలు, నాలుగు భాషలు, గస్తీ జీపులో నలుగురు సైనికులు. ఇంత పరిపాలన మధ్యనే హారీ లైమ్ నీళ్లు కలిపిన పెన్సిలిన్ అమ్ముకుని పసిపిల్లల్ని చంపాడు. కెమెరా సినిమా అంతా ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. అది చూసి దర్శకుడు విలియం వైలర్, ఇకమీదట కెమెరా మీద పెట్టుకోమని తాపీమేస్త్రీలు వాడే మట్టపు గొట్టాన్ని రీడ్‌కు బహుమతిగా పంపాడని చెబుతారు. ఆ ఒరిగిన ఫ్రేములకే ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్ ఆస్కార్ అందుకున్నాడు.

మన దేశానికి ఈ నీడలు బొంబాయి మీదుగా వచ్చాయి. గురుదత్ 'బాజీ' 1951లో, అతని సంస్థలో రాజ్ ఖోస్లా దర్శకత్వంలో 'సి.ఐ.డి.' 1956లో. 'సి.ఐ.డి.'లో విలన్ పక్షాన ఉండి చివర్లో మనసు మార్చుకునే కామినిగా వేసింది వహీదా రెహమాన్. మనకు ఆమె అంతకు ముందే తెలుసు. 1955 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడినావిడే. గురుదత్ ఆమెను చూడటం కూడా దూలం పడ్డ కథలాంటిదే. కారులో హైదరాబాద్ వస్తుంటే గేదెకు గుద్దుకుని కారు పాడైందనీ, రిపేరుకు ఆగిన రోజుల్లోనే ఆమె సంగతి తెలిసిందనీ రచయిత అబ్రార్ అల్వీ చెప్పేవాడు. అయితే మన నోయిర్‌కు నీడలంటే ఉన్న మోజు వాటి చివరంటే లేదు. విలన్ దొరుకుతాడు, జంట కలుస్తుంది, చక్కటి పాటలుంటాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల్లో ఆఖరి అధ్యాయానికల్లా చిక్కుముడులన్నీ విడిపోయినట్టే. యుగంధర్‌ను చదివి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ సుఖాన్ని తక్కువ చేయను. హాలీవుడ్‌లో మాత్రం ముడి విడిపోయాక కూడా ఎవరికీ ఏమీ దక్కదు. డబ్బూ రాలేదు, ఆడదీ దక్కలేదని నెఫ్ మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పేస్తాడు. హంతకుడెవరో ముందే తెలిశాక కూడా మనం రెండు గంటల దాకా కదలమంటే, చూస్తున్నది నేరాన్ని కాదు, ఆ పనితనాన్ని.

ఈ సినిమాలు చూడనివాళ్లు 'డబుల్ ఇండెమ్నిటీ'తో మొదలుపెట్టండి, ఆ వెంటనే 'స్కార్లెట్ స్ట్రీట్' చూడండి. ఒకే నటుడు ఒకదాంట్లో క్రమానికి కాపలాదారు, రెండోదాంట్లో దాని బలిపశువు. 'స్కార్లెట్ స్ట్రీట్', 'డిటూర్' రెండూ అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. మంచి ప్రింటు వెతుక్కోండి, ఎవరో రంగులద్దింది దొరికితే మాత్రం ముట్టుకోకండి.